కొండెక్కిన పిల్ల ఏమైంది?

గాభరమ్మ ఆ ఊళ్లో అడుగుపెట్టగానే మొట్టమొదట చూసింది కొండల్ని కాదు, మబ్బుల్ని కాదు. లోయకు అడ్డంగా కట్టిన ఇనుప తీగనీ, దాని మీద వేలాడుతున్న తొట్టినీ. గోలేనికి తలుపు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది అది. గాలి వీచినప్పుడల్లా కిర్రుమంటోంది. అవతలి గట్టున, పొగమంచులో ముంచి తీసినట్టు, కొన్ని ఇళ్ల కప్పులు కనిపిస్తున్నాయి.

"అందులో ఏం పంపుతారే? కట్టెలా?" అని అడిగింది.

"మనుషుల్నమ్మా," అంది కూతురు, వీపు మీది సంచి సర్దుకుంటూ.

ఆ మాటకి గాభరమ్మ పక్కనున్న రాతి మెట్టు మీద చతికిలబడింది. నీళ్ల సీసా తీసి గుక్కెడు తాగి, "సరేలే, మనకి దాంతో పనేముంది," అని తనకి తనే ధైర్యం చెప్పుకుంది.

ఆమెకు తండ్రి పెట్టిన పేరు వేరే ఉంది. అది కాగితాల మీద తప్ప ఎక్కడా బతికి లేదు. ఫోను ఆగకుండా మోగితే ఆస్పత్రి నుంచేనని, ఒక్కసారి మోగి ఊరుకుంటే చేసినవాళ్లే కిందపడి ఉంటారని తేల్చేసే మనిషి కాబట్టి, మరిది పిల్లలు గాభరమ్మ అని పేరు పెట్టారు. చివరికి కుట్టుమిషను ముందు నుంచి తల ఎత్తని భర్త కూడా ఆ పేరే ఖాయం చేశాడు. ఆమె కూతురి వెంట కొండలకు బయల్దేరుతుంటే, "నువ్వెళ్తే పాపం ఆ కొండలకే దడ పుడుతుంది," అని నవ్వాడు, నోట్లో సూది తీయకుండానే. ఆ నవ్వుకి సూది ఎక్కడ మింగేస్తాడోనని ఆమె బస్సు ఎక్కేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

ఆమె చదువు ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర ఆగింది. కూతురు మాత్రం చదివి చదివి, చదవడమే ఉద్యోగంగా చేసుకుంది. జనం నోటి పాటలు పోగుచేసి, వాటి మీద పుస్తకం రాసి, యూనివర్సిటీలో పట్టా పుచ్చుకోవాలి. "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని పక్కింటివాళ్లు అడిగితే, "పాటలు ఏరుతోంది," అని చెప్పేది గాభరమ్మ. అంతకన్నా బాగా ఆమెకు చెప్పడం రాలేదు. అంత చదివిన మనిషినీ పాపా అనే పిలిచేది. "పదిమందిలో అలా పిలవకమ్మా," అని ఎంత మొత్తుకున్నా ఆ పిలుపు మారలేదు.

పాప ఇప్పుడు ఏరడానికి వచ్చిన పాట ఒక్కటే. దాని పేరు కొండెక్కిన పిల్ల. ఆ పేరు వినగానే గాభరమ్మకి ఒళ్లు జలదరించింది. కొండెక్కడం అనే మాట దీపాలకు వాడతారు గానీ పిల్లలకు వాడతారా ఎవరైనా? పాట కూడా అలాగే ఉంది. తప్పిపోయిన మేకపిల్లని వెతుక్కుంటూ ఒక చిన్నపిల్ల కొండెక్కుతుంది. పొగమంచు కమ్ముకుంటుంది. పిల్ల అక్కడ నిలబడిపోతుంది. అంతే. పాట ఆగిపోతుంది. ఎప్పుడో ఒక పెద్దమనిషి పెట్టెంత రికార్డరు మోయించుకుని వచ్చి ఈ పాటని అచ్చు వేయించాడట. అడుగున, "మిగిలిన భాగం దొరకలేదు" అని రాశాడట. పాపకి పైనున్న ప్రొఫెసరుగారు ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఉన్న సగాన్నే మళ్లీ పట్టుకొస్తే దాన్ని పరిశోధన అనరమ్మా. మిగతా సగం తే, లేదా పాట మార్చుకో," అన్నారు.

ఆ సగం ఈ ఊళ్లో పాటల అవ్వ నోట్లో ఉంటుందని పాప ఆశ. అవ్వ దగ్గర దొరక్కపోతే లోయ అవతల పైఊళ్లో ఇంకో ముసలాయన ఉన్నాడట. వర్షాలు ఇవాళో రేపో అన్నట్టున్నాయి. అవి మొదలైతే తొట్టి ఆపేస్తారు. అందుకని, వచ్చి కొన్ని రోజులు గడిచాక ఒక పొద్దున, "ఇవాళ కూడా అవ్వ అక్కడే ఆపేస్తే, రేపు పొద్దున్నే నేను తొట్టిలో అటు వెళ్తానమ్మా," అని పాప తెగేసి చెప్పింది.

దాంతో గాభరమ్మ ప్రాణం మొత్తం అవ్వ నాలుక చివరకి వచ్చి కూర్చుంది.

అవ్వ ఇల్లు ఒకటే గది. పైకప్పు పొగచూరి నల్లగా నిగనిగలాడుతోంది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల గొర్రెల ఉన్ని గుట్ట. అవ్వ గుట్ట పక్కన పీట వేసుకుని కదురు తిప్పుతూ పాడుతుంది. పాటకోసం చేతిపని ఆపడం, చేతిపనికోసం పాట ఆపడం ఆమెకు తెలీదు. ఆమె కోడలు, దిట్టమైన మనిషి, వాకిట్లో ఉన్ని ఉతుకుతుంది. పగలంతా ఇరుగుపొరుగువాళ్లు వచ్చి కూర్చుంటారు, లేస్తారు, మళ్లీ వస్తారు.

కూర్చునే చోటల్లా పాప నిశ్శబ్దం పరిచింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. గోడ గడియారాన్ని దింపి దుప్పట్లో చుట్టి బయట పెట్టింది. కుక్కని ఎదురింటికి పంపించింది. పొయ్యి మీద నీళ్ల గిన్నె మరిగితే చప్పుడవుతుందని టీ మాన్పించింది. వచ్చినవాళ్లందరికీ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. వాళ్లు పట్నపు మర్యాద కాబోలనుకుని బుద్ధిగా నోళ్లు మూసుకున్నారు. ఇక తల్లి సంగతి సరేసరి. ఆమె గాజులకి చేతిరుమాలు చుట్టి ముడివేసింది.

"ఒట్టు పెట్టమ్మా. పాట అయ్యేదాకా నోరు తెరవకూడదు. దగ్గు వచ్చినా సరే."

"దగ్గు ఆపుకుంటే ఊపిరి తిరగదే."

"తిరుగుతుందమ్మా. అందరికీ తిరుగుతుంది."

గాభరమ్మ ఒట్టు వేసింది. వచ్చిన దగ్గర్నించి ఒట్టు నిలబెట్టుకుంటూనే ఉంది. అవ్వ పాడడం, ఆ పిల్ల మంచులో నిలబడడం, పాట ఆగడం, పాప మైకు దగ్గరికి జరిపి, "తర్వాత చరణం ఏంటవ్వా?" అనడం, అవ్వ "ఇంతే తల్లీ," అనడం. రోజూ ఇదే వరస.

అయితే పాప చూడని ఒకదాన్ని గాభరమ్మ చూసింది. పాప తల వంచుకుని మీటల వంక చూస్తుంటుంది కదా, ఆమెకు అవ్వ మొహం కనపడదు. పాట ఆగిన చోట అవ్వ కదురు కూడా ఆగుతుంది. అవ్వ కళ్లెత్తి గదిలో ఒక్కొక్కరి మొహం చూస్తుంది. గరిటె నిండా పట్టుకుని, వడ్డించమంటారా వద్దంటారా అని విస్తళ్ల ముందు నిలబడిన మనిషి చూపు అది. ఎవరూ ఏమీ అనకపోతే, చిన్న నిట్టూర్పు విడిచి కదురు అందుకుంటుంది. ఇన్నేళ్లు వంటింట్లో గడిపిన గాభరమ్మకి ఆ చూపు బాగా తెలుసు. కానీ దానర్థం ఇక్కడేమిటో అంతుపట్టలేదు.

అంతకన్నా ఆమెను పీడిస్తున్నది ఆ పిల్ల. పాట ఆగితే పాపకి పాట ఆగినట్టే. గాభరమ్మకి మాత్రం పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. అన్నం ముందు కూర్చున్నా అదే. దుప్పటి కప్పుకున్నా అదే.

"ఏమై ఉంటుందే దానికి?" అంది ఒకసారి.

"పాటమ్మా అది."

"పాటలో అయితే మాత్రం చలి వేయదా?"

పాప నవ్వి అటు తిరిగి పడుకుంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం అవ్వ మళ్లీ గొంతు సవరించుకుంది. కోడలు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తొట్టిని లాగే చక్రం తిప్పే బలిష్ఠుడైన మనిషి, తొట్టిమామ అంటారు అందరూ, రేపు ప్రయాణం ఉందో లేదో కనుక్కోవడానికి వచ్చి, పాప వేలు చూసి గోడకి అతుక్కుపోయాడు. అవ్వ అందుకుంది.

కొండ మీద మేకపిల్ల కోన దాటి పోయెనే
దాని వెంట చిన్నపిల్ల దారి పట్టి పోయెనే

అలా సాగి సాగి ఆ పాడుచోటికి రానే వచ్చింది.

మంచు దిగెను మసక దిగెను మలుపు కానరాదులే
పిలిచి చూస్తె పలుకు లేదు పిల్ల నిలిచిపోయెనే

కదురు ఆగింది. అవ్వ కళ్లెత్తింది. పాపని చూసింది, కోడల్ని చూసింది, తొట్టిమామని చూసింది. చివరికి ఆ చూపు వచ్చి గాభరమ్మ మీద వాలింది. గాభరమ్మ రుమాలు కట్టిన చేత్తో నోరు నొక్కుకుంది. ఒట్టు గుర్తుచేసుకుంది. తొట్టిని గుర్తుచేసుకుంది. అవ్వ నిట్టూర్చబోయింది. ఇక ఆగలేకపోయింది గాభరమ్మ.

"దాని కాళ్లకి చెప్పులైనా ఉన్నాయా అవ్వా?"

పాప నుదురు కొట్టుకుంది. రికార్డరులో ఆ చప్పుడు కూడా పడింది.

కానీ అవ్వ మొహం చూడాలి! అప్పుడే పొయ్యి రాజుకున్నట్టు వెలిగింది. కదురు గిర్రున తిరిగింది.

కాలికేమొ చెప్పులుండె కట్టు తెగిపోయెనే
తెగిన చోట గడ్డి పేని తాడు ముడిచి వేసెనే

గదిలో గాలి కదిలింది. పాప చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. అవ్వ పాడింది కొత్త చరణం! పుస్తకంలో లేనిది, ప్రొఫెసరుగారు విననిది. అవ్వ మళ్లీ ఆగి, మళ్లీ గాభరమ్మ వంక చూసింది. ఈసారి ఆ చూపులో మొహమాటం లేదు. అడుగు, అడుగు అన్నట్టుంది.

"మరి ఆకలో? పొద్దుననగా బయల్దేరింది కదా పిచ్చిది."

కొంగుముడిలో రొట్టెముక్క కొరికి దాచుకున్నదే
సగము తనకు, సగము మేకపిల్ల కోసమన్నదే

"దాని బుద్ధి మండ! ముందు తను తినొద్దూ!" అంది గాభరమ్మ. గుమ్మంలో కోడలు పకపకా నవ్వింది. ఇన్నాళ్లుగా బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి వదిలినట్టుంది.

"అత్తా, తోడేలు రాలేదూ?" అని ఆవిడే అడిగింది. పెదాల మీద వేలు సంగతి ఇక ఎవరికీ గుర్తులేదు.

రాయి మీద రాయి కొట్టి రవ్వ రాల్చెనప్పుడే
తొంగి చూసి తోడేలు తోవ మార్చి పోయెనే

"పక్కనే వాగుంటుంది కదా, దాటిందా?" అని తొట్టిమామ గోడ దగ్గర్నించి అడిగాడు. దానికీ చరణం ఉంది. ఎదురింటి ముసలావిడ కుక్కతో సహా వచ్చి కూర్చుని, పిల్ల ఏడ్చిందా లేదా అని అడిగింది. దానికీ ఉంది. ఇవన్నీ ఆ ఊళ్లో అందరూ ఎప్పుడూ అడిగే ప్రశ్నలే. గాభరమ్మ దగ్గర అలాంటివి కావు, ఆమె సొంత సరుకు ఉంది. తల తడిసిందా? తడి తలతో ఉంటే జ్వరం రాదూ? జారిపడితే చెయ్యి బెణికిందా, కాలు బెణికిందా? దాహం వేసి, కాచి చల్లార్చకుండానే ఏ నీళ్లు పడితే అవి తాగిందా? పురుగూ పుట్రా ఏమైనా?

కాచి చల్లార్చిన నీళ్ల ప్రశ్న దగ్గర అవ్వ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"ఇది ఇప్పటిదాకా లేదండీ," అని కోడలు పాప చెవిలో గుసగుసలాడింది. "ఇప్పుడు కడుతోంది."

అవ్వ కళ్లు తెరిచి, ఆకు మీద నిలిచిన మంచు నీళ్లు దోసిట పట్టి తాగించింది పిల్ల చేత. గాభరమ్మ తృప్తిగా తల ఊపింది.

పాప హెడ్‌ఫోన్లు మెడలోకి జారిపోయాయి. "అవ్వా," అంది మెల్లగా, "ఇన్ని రోజులూ తర్వాత చరణం ఏంటని అడిగితే ఇంతే అన్నావు కదా?"

"చరణం అడిగావు తల్లీ. ఉన్నంత పాడేశాను కదా, ఇంతే అన్నాను. పిల్ల ఏమైందని అడిగావా?"

పాప మెడలోని హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"పిల్ల గురించి దిగులు పడేవాళ్లు లేకపోతే పాట ముందుకెలా నడుస్తుంది? పాడేదాన్ని ఒక్కదాన్నే లాగాలా? మంచు కమ్మిందని గొంతు చించుకుని పాడితే అందరూ గుడ్లప్పగించి ఊరుకున్నారు. వెనకటికి వచ్చినాయన కూడా అంతే. జనాన్నంతా బయటికి తోలి, తలుపేసి, కళ్లు మూసుకుని విన్నాడు. రాతి గుండె మనిషి అనుకున్నాం మేము. పోనీలే, చదువుకున్నవాళ్లకి పరాయి పిల్లలు పట్టరేమో అని సరిపెట్టుకున్నాం."

"మరి మీరైనా చెప్పొచ్చు కదండీ?" అంది పాప కోడలి వైపు తిరిగి.

"మాకేం తెలుసమ్మా! మీరే కదా వేలు చూపించారు. మీ దగ్గర పాటలు మూగనోముతో వింటారు కాబోలనుకున్నాం. ఏమాటకామాటే, నోరు కట్టుకుని కూర్చోవడానికి చచ్చే చావయింది."

పాప నవ్వబోయి ఆగిపోయింది. చుట్టూ చూసింది. లేచి కిటికీ సందుల్లోని గుడ్డలు ఒక్కొక్కటీ లాగి పారేసింది. బయట గాలి చప్పుడు లోపలికి వచ్చింది. కోడలు ఇదే సందని నీళ్ల గిన్నె పొయ్యి మీద పెట్టింది.

"ఇంకా ఉన్నాయా ప్రశ్నలు?" అని అవ్వ గాభరమ్మని అడిగింది, వేళాకోళంగా. "అయిపోతే పిల్లని ఇంటికి దింపేస్తాను."

గాభరమ్మ చేతి రుమాలు ముడి విప్పుకుంటూ కూర్చుంది. ఇందాకటి నుంచీ ఒక ప్రశ్న గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది.

"దాని తల్లి ఏం చేస్తోంది అవ్వా?"

నవ్వులు ఆగిపోయాయి. ఎదురింటి ముసలావిడ కుక్కని దగ్గరికి లాక్కుంది. తొట్టిమామ గొంతు సవరించుకుని, "అది అడగరండీ ఇక్కడ," అన్నాడు.

"తప్పా?"

"తప్పు కాదమ్మా," అంది అవ్వ. "అడిగితే ఆవిణ్ని కూడా కొండెక్కించాలి. తల్లి కూడా ఎక్కేస్తే ఇల్లెవరు చూస్తారు, మిగతా పిల్లలకి ఎవరు పెడతారు? మా అమ్మ అయితే ఆ మాట ఎవరైనా అడిగేలోపే మేకపిల్ల చేత అరిపించి, పాట ముగించేసేది. నేనూ అంతే."

"నాకు తెలీదు కదా. అడిగేశాను."

"అడిగేశావు. ఇక తప్పుతుందా?"

అవ్వ కదురు ఒళ్లో పెట్టుకుంది. అవ్వ చెయ్యి ఖాళీగా పాడడం గాభరమ్మ చూడడం అదే మొదలు. గొంతు బాగా తగ్గించి, తడుముకుంటూ, ఒక్కొక్క మాటా వెతికి తెచ్చుకుంటున్నట్టు పాడింది.

తల్లి గుమ్మమందు లేదు తలుపు తెరిచి ఉన్నదే
పిల్ల నడిచి పోయినట్టి బాట పట్టి పోయెనే
ఒక్కతైతె మంచు గోడ, ఇద్దరైతె దుప్పటే
తల్లి, పిల్ల, మేకపిల్ల తెల్లవార దిగిరిలే

పాట అయిపోయింది. ఈసారి నిజంగా అయిపోయింది. ఎందుకంటే గాభరమ్మకి అడగడానికి ఏమీ మిగల్లేదు. అది ఆమె జీవితంలో ఎంత అరుదైన సంగతో పాపకొక్కదానికే తెలుసు.

టీ తాగుతూనే గాభరమ్మ లేచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. జ్వరం మాత్రలు, కట్టు గుడ్డలు, టార్చిలైటు, వాడకుండానే వెనక్కి వెళ్తున్న సరంజామా అంతా సంచిలోకి ఎక్కుతోంది. ముగింపు దొరికింది. తొట్టి గొడవ వదిలింది. పొద్దున్నే బస్సు.

పాప మాత్రం కిటికీ దగ్గర్నించి కదల్లేదు. లోయ అవతలి ఇళ్ల వంక చూస్తోంది.

"దొరికింది కదే! ఇంకా ఏంటి?"

"దొరికిందమ్మా. కానీ అది నీ పాట. నువ్వు అడిగావు కాబట్టి అలా అయింది. వేరేవాళ్లు వింటే వేరేగా అవుతుంది. ఇప్పుడు నాకు కావలసింది ముగింపు కాదు. ఎవరు ఏం అడుగుతారో అది కావాలి." పాప తల్లి వైపు తిరిగింది. "పైఊళ్లో ఏం అడుగుతారో తెలుసుకోకుండా ఎలా వెళ్లను?"

గాభరమ్మ చేతిలోని టార్చిలైటు చేతిలోనే ఉండిపోయింది. తన నోరే తన కొంప ముంచిందని అప్పుడు అర్థమైంది ఆమెకి. కూతురి తొట్టి ప్రయాణం తప్పిందనే కదా సంచి సర్దుతోంది!

"పైఊరివాళ్లా?" అని అవ్వ పొయ్యి దగ్గర్నించి మూతి విరిచింది. "వాళ్ల సంగతి చెప్పకు. వాళ్లు పిల్ల ఊసెత్తరు. ముందు మేకపిల్ల ఏమైందని అడుగుతారు."

"ఏంటీ?" గాభరమ్మ గిరుక్కున తిరిగింది. "పిల్ల మంచులో పడి ఉంటే మేక సంగతి అడుగుతారా?"

"మేకకి మేత దొరికిందా అని కూడా అడుగుతారు."

"మనుషులేనా వాళ్లు? వాళ్లకి పిల్లల్లేరూ?"

"ఉన్నారు. చాలామంది ఉన్నారు."

"మరి ఎందుకలా?"

"నాకేం తెలుసు," అంది అవ్వ టీ ఊదుకుంటూ. "నేనెప్పుడూ అటు వెళ్లలేదు. నాకు ఆ తొట్టంటే భయం."

గాభరమ్మ మళ్లీ సంచి ముందు కూర్చుంది. మాత్రల డబ్బా సంచిలోంచి తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. మధ్యమధ్య, "మేకట!" అని తనలో తను గొణుక్కుంది.

పొద్దున మంచు తెరలు తెరలుగా లేస్తోంది. తొట్టిమామ చక్రానికి నూనె రాస్తున్నాడు. గాభరమ్మ వెళ్లి అతని నెత్తిన నిలబడింది.

"ఈ తీగ ఎప్పుడైనా తెగిందా బాబూ?"

"ఇది తెగలేదండీ. పాతది తెగింది."

"అప్పుడు తొట్టిలో ఎవరున్నారు?"

"బంగాళాదుంపలండీ."

పాప తలుపు తీసి తొట్టిలోకి దిగింది. "అమ్మా, నువ్వు అవ్వ దగ్గర ఉండు. సాయంత్రానికి వచ్చేస్తాను."

"ఉండి? గుమ్మంలో కూర్చుని ఏం చెయ్యను?" అంటూ గాభరమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, ఒక కాలు లోపల పెట్టింది. తొట్టి ఊగింది. కెవ్వున అరిచింది. రెండో కాలు కూడా లోపల పెట్టి, కూతురి మోచెయ్యి రెండు చేతులా ఒడిసిపట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది. "ఆ మేకల మనుషుల్ని ఒకసారి చూడాలి నేను. చక్రం తిప్పమను."

చక్రం తిరిగింది. గట్టు వెనక్కి జరిగింది. లోయ మధ్యకి వచ్చేసరికి ఇటు ఊరూ లేదు, అటు ఊరూ లేదు. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. తీగ కిర్రుమంటోంది. గాభరమ్మకు తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ అయిపోయి, మళ్లీ మొదటి దేవుడి దగ్గరికి వచ్చింది.

అప్పుడు ఎక్కడో కింద ఒక మేక అరిచింది.

గాభరమ్మ ఒక కన్ను తెరిచింది. మెడ చాపి మంచులోకి తొంగి చూసింది.

"అదెవరి మేకే? ఒక్కటే తిరుగుతోందేం? దాని వెనక ఎవరైనా ఉన్నారా?"

పాప తల్లి పట్టులోంచి చేతిని మెల్లగా విడిపించుకుని రికార్డరు మీట నొక్కింది. "ఊఁ, అడుగమ్మా," అంది.